తలుపుల్లో ప్రథమ స్థానం

జూన్ 3

గడుగ్గాయికి,

మేనత్త ఆశీస్సులు. ఫోన్ చేద్దామంటే మీ ఆఫీసులో గుమ్మం దగ్గరే ఫోన్లు లాక్కుంటారట. ఇంటికొచ్చాక నువ్వు గొణిగే గొణుగుడు నా ఎడమ చెవికి ఎక్కదు, కుడి చెవి ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. కనుక మనిద్దరికీ ఉత్తరాలే గతి.

అసలు సంగతికి వస్తాను. ఈ ఏడు మా పరిశ్రమల మండలి నివేదిక నా నెత్తిన పడింది. దేశంలో వీడియో గేమ్స్ పరిశ్రమ ఎంత బలంగా ఉంది, మార్కెట్ ఎంత బలంగా ఉంది అన్నది విషయం. పైన "బలాలు, బలహీనతలు" అని రాసి పెద్దాయనకు చూపించాను. పెద్దాయనంటే మా అధ్యక్షుడు. బలాలు చాలు, రెండోవి ఎందుకమ్మా అన్నాడు.

మార్కెట్ గురించి నాకు దిగులు లేదు. ఆడేవాళ్లకు కొదవ లేదు. బస్సులో డ్రైవరు ఒక్కడే ఆడటం లేదని నా నమ్మకం, సిగ్నల్ దగ్గర అది కూడా సడలుతుంది. మా లిఫ్టు నడిపే ఆయన నన్ను మూడో అంతస్తులో దింపాల్సింది ఐదుకు తీసుకెళ్లి, "ఒక్క నిమిషం మేడమ్, చచ్చిపోతాను" అంటాడు, ఆటలో. ఇంతమంది ఆడుతున్నారని పెద్దాయన ప్రతి సభలోనూ రొమ్ము విరుచుకుని చెబుతాడు, వాళ్లందరినీ తనే కని పెంచినట్టు.

తంటా అంతా పరిశ్రమతోనే. మనవాళ్లు తయారుచేసేదేమిటి? కంపెనీలన్నింటికీ రాశాను. తలా ఒక రంగుల పుస్తకం పంపారు. ప్రతి దాంట్లోనూ ఒక అద్దాల మేడ, దాని ముందు చేతులు కట్టుకుని నవ్వే జనం. ఏం చేస్తారో మాత్రం ఎక్కడా లేదు. నేను ఈ ఆటలు ఏనాడూ ఆడినదాన్ని కాదు, ఆడబోను కూడా. మీ నాన్ననడిగితే "నా కూతురు ఆడుకుంటూ జీతం తెచ్చుకుంటోంది" అంటాడు. మా అన్నయ్య తెలివి నీకు తెలిసిందే.

వంకర మాటలు మాని, ఆ ఆఫీసులో నువ్వేం చేస్తావో, మనవాళ్లు ప్రపంచంలో దేంట్లో ముందున్నారో రాయి.

నీ మేనత్త


జూన్ 11

అత్తా,

నమస్కారం. వంకర మాటలు వద్దన్నావు. మాటలు నీ దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి హామీ ఇవ్వలేను.

నేను తలుపులు చేస్తాను. చేరిన రోజు నుంచీ తలుపులే. విదేశీ కంపెనీ వాడు పంపుతాడు: "చెక్క తలుపు. పాతది. మరీ పాతది కాదు." కంప్యూటర్లో చేసి పంపుతాను. "ఇంకొంచెం దిగులుగా ఉండాలి" అని తిరిగొస్తుంది. తలుపుకు దిగులు ఎలా తెప్పించాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. గొళ్లెం చుట్టూ చేతి మరకలు పెట్టాలి. కింది అంచు తడికి ఉబ్బాలి. పిల్లి గీరిన చారలు రెండు ఉంటే ఇక ఏడుపే. ఆ తలుపు వెనక ఏముందో మాత్రం మాకు చెప్పరు. పరమ రహస్యం. అందుకే ఆ ఫోన్లు లాక్కోవడం.

నా పక్క సీటాయన రాళ్లు చేస్తాడు. వెనక వరసంతా గడ్డి. ఆట ఎవరిదో, కథేమిటో, ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతున్నారో మాలో ఎవరికీ తెలియదు. ఆట బయటికొచ్చాక అందరితో పాటు మేమూ కొనుక్కుని, మా వస్తువు ఎక్కడుందా అని వెతుక్కుంటాం. ఒకసారి రాళ్లాయన తన రాయిని గుర్తుపట్టి గంతేశాడు. ఆటలో వీరుడు అప్పటికే దానిమీద బూటు కాలు పెట్టి అవతలికి చూస్తున్నాడు.

కాబట్టి నీ నివేదికలో ఇలా రాసుకో. తలుపుల్లో ప్రపంచంలో మనదే ప్రథమ స్థానం. ఏ దేశపు వీరుడైనా సరే, ఏ గదిలోకి వెళ్లాలన్నా మన తలుపు తోసుకునే వెళ్లాలి. లోపలికి వెళ్లాక మనతో వాడికి పనిలేదు. పెద్దాయనకు నచ్చుతుంది.

మా యజమానిని మేం షీల్డుల రాయుడు అంటాం. ఆయన గదిలో గోడ కనబడదు, అన్నీ షీల్డులే. ఒక్కటీ ఆట తయారుచేసినందుకు వచ్చింది కాదు. తయారుచేస్తే కదా.

సరే, ఒక మంచి మాట కూడా చెబుతాను. నేనూ, స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసే నా స్నేహితురాలూ, ఆమె తమ్ముడూ కలిసి ఒక ఆట చేస్తున్నాం. సెలవు రోజుల్లో, వాళ్ల వంటింట్లో కూర్చుని. అద్దె ఇల్లు మారే కుటుంబం కథ. ప్రతిసారీ కొత్త ఇల్లు పాతదానికంటే కాస్త ఇరుకు. సామానంతా సర్దాలి. పట్టనిది వదిలేయాలి. ఏది వదిలేస్తే ఇంట్లో ఎవరు ఎలా మారిపోతారన్నదే ఆట. తుపాకులు లేవు, దయ్యాలు లేవు. మంచం వదిలేసిన రోజు తాతయ్య కుర్చీలో కూర్చుని నిద్రపోతాడు, అంతే. అందులో ఒక మేనత్త కూడా ఉంది. ఏ ఇంటికి వెళ్లినా గడపలో నిలబడి "ఇదీ ఒక ఇల్లేనా" అంటుంది. ఎవర్ని చూసి రాశానో అడగకు.

ఇది ఎవరితోనూ అనకు, నవ్వుతారు.

గడుగ్గాయి


జూన్ 20

ఒసేయ్ కోడలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుతూ, రెండోసారి ఆ మేనత్త దగ్గర పళ్లు కొరుకుతూ. నేను గడపలో నిలబడి ఇళ్లకు పేర్లు పెడతానా? మీ నాన్న తీసుకున్న ఇళ్లు అలాంటివి. ఒకదాంట్లో స్నానాల గదికి వెళ్లాలంటే ఇంటివాళ్ల పడకగదిలోంచి వెళ్లాలి. దాన్ని మెచ్చుకోమంటావా?

నీ తలుపుల ముక్క యథాతథంగా చిత్తులో పెట్టాను, పెద్దాయన గాలి తీద్దామని. చదివి ఎర్రబడతాడనుకున్నాను. ఆయన దానికింద గీత గీసి, "ఇదమ్మా నాకు కావలసింది" అన్నాడు. ఇదే మాటను ముందుమాటలో కూడా వేయమన్నాడు. నేను గాలి తీయబోతే ఆయన ఇంకా గాలి కొట్టుకున్నాడు. ఈ మనిషికి ఎద్దేవా కూడా అభినందనలాగే వినిపిస్తుంది. వేళాకోళమండీ అని చెప్పబోయాను, అప్పటికే ఫోనులో ఎవరికో చెబుతున్నాడు.

ఇంకో మాట. నీ కోసం ఒక చిన్న ఏర్పాటు చేశాను. ఏమిటో ఇప్పుడే చెప్పను, చూశాక నువ్వే మురిసిపోతావు. మీ నాన్నకు కూడా చెప్పలేదు. నీలాంటి పిల్లలు సిగ్గుపడి మూల కూర్చుంటే మీ గురించి నలుగురికీ ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లే కాస్త ముందుకు తొయ్యాలి.

నీ మేనత్త


జూలై 1

అత్తా,

నీ చిన్న ఏర్పాటేమిటో నాకు అర్థమైంది. నలుగురికీ తెలియాలి, పెద్దవాళ్లు ముందుకు తొయ్యాలి. ఎవరతను? మీ ఆఫీసు లెక్కల విభాగంలో ఉంటాడా? లేక పోయినసారి నాకు ఫోటో పంపావే, మెడ లేని ఇంజనీరు, ఆయనేనా? సంబంధాలు చూడొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను. అమ్మ చూస్తే అమాయకురాలని ఊరుకున్నాను. నువ్వు నలభై ఏళ్లు ఉద్యోగం చేసిన దానివి, నువ్వు కూడానా?

నాకిప్పుడు ఆట తప్ప వేరే ధ్యాస లేదు. చివరి ఇల్లు మిగిలింది. అందులో ఒకటే గది. ఏది ఉంచుకోవాలో ఆడేవాళ్లకే వదిలేశాం. టీచరమ్మ వేసిన బొమ్మలు చూశాక నేనే ఏదీ వదల్లేకపోయాను.

పూర్తయ్యే దాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం. మా ఉద్యోగ ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కడ కూర్చుని ఏ ఆట చేసినా అది కంపెనీదే. కలలో చేసినా సరే. రాయుడికి దీని పొగ తగిలితే చాలు, మా ముగ్గురి మూడేళ్ల పని ఎగరేసుకుపోతాడు. పూర్తవగానే ఉద్యోగం మానేసి, టీచరమ్మ పేరుతో బయటపెడదామని ఆలోచన. అందుకే ఎవరితోనూ అనొద్దన్నాను.

ఇంజనీరుకు నా నమస్కారాలు, సెలవు అని చెప్పు.

గడుగ్గాయి


జూలై 4

బంగారూ,

నీ జవాబు ఇంకా రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. నిన్న నివేదిక విడుదల సభ జరిగింది. నీ ఏర్పాటు అచ్చయింది. డెబ్బై రెండో పేజీ. "మన సొంత సృష్టి" అన్న శీర్షిక కింద రాయడానికి దేశం మొత్తంలో ఏమీ దొరకక ఆ పేజీ ఖాళీగా ఉండిపోతుంటే, నీ ఆట గురించి రాశాను. అద్దె ఇల్లు మారే కుటుంబం అనీ, చివరికి తాతయ్య మంచం కూడా వదిలేయాల్సి వస్తుందనీ, మీ కంపెనీ ఉద్యోగిని ఒకరు చేస్తున్నారనీ. నీ పేరు వేయలేదు, నీకు సిగ్గు కదా. నివేదిక మొత్తంలో నాకు నచ్చిన పేజీ అదొక్కటే.

సభ సంగతి విను. పెద్దాయన తలుపుల మీద అరగంట మాట్లాడాడు. ప్రపంచానికి తలుపులు తెరుస్తున్న దేశం మనదన్నాడు. రాబోయే ఐదేళ్లకు తలుపుల విధానం ఒకటి ప్రకటించాడు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన రాసుకున్నాడు కూడా.

తర్వాత సొంత సృష్టికి షీల్డు అని పిలిస్తే మీ రాయుడు వేదిక ఎక్కాడు. "ఈ ఆటను ఏళ్ల తరబడి నేనే దగ్గరుండి చేయిస్తున్నాను" అన్నాడు. నువ్వు వంటింట్లో కూర్చుని చేస్తున్నామన్నావు కదా, ఈయన దగ్గరుండేదెక్కడ అని నాకు కాస్త తికమకగా అనిపించింది. పోనీలే, యజమాని అన్నాక కోతలు కోస్తాడు, పిల్లకు మంచిపేరు వస్తే చాలనుకున్నాను. మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన వీధంతా చెప్పి ఉంటాడు.

మురిసిపోయావా లేదా?

నీ మేనత్త


జూలై 9

అత్తకు,

మురిసిపోయాను. రాయుడు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. ఇన్నేళ్లలో నేను ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. నీ డెబ్బై రెండో పేజీ బల్ల మీద పెట్టి, ఈ నెలాఖరుకు ఆట తెచ్చి ఇమ్మన్నాడు. ఒప్పందంలో షరతు వేలు పెట్టి చూపించాడు. ఇల్లు మారడం ఎవడికి కావాలి, దొంగలు పడాలి, తాతయ్య చేతికి తుపాకి ఇవ్వాలి అన్నాడు. మంచం కావాలనుకున్న వాళ్లు డబ్బు కట్టి మంచం తిరిగి కొనుక్కోవాలట. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

టీచరమ్మ నాతో మాట్లాడటం లేదు. షీల్డు వార్త పేపర్లో చూసి, నేను వాళ్లిద్దరికీ తెలియకుండా ఆట అమ్ముకున్నాననుకుంది. ఆమె తమ్ముడు వచ్చి తన కంప్యూటర్ పట్టుకెళ్లిపోయాడు. నాన్న ఫోన్ చేసి స్వీట్లు పంచానన్నాడు, మా ఆఫీసులో కూడా. పేజీలో పేరు లేకపోయినా ఆ ఉద్యోగిని నేనేనని రాయుడికి తెలిసింది అలాగే.

నీకు ఒక పేజీ ఖాళీగా ఉంది. అది నింపడానికి నా ఆట కావలసి వచ్చింది. ఒక్క మాట నన్ను అడిగి ఉంటే ఏం పోయేది? జీవితమంతా మండలివాళ్లను వెక్కిరిస్తూ కూర్చున్నావు, చివరికి నువ్వూ వాళ్లలాగే చేశావు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం వాళ్ల పని. ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టడం నీ పని.

అన్నట్టు, నీ విధానం మాకు చేరింది. రాళ్లాయన్నీ, గడ్డి వరసనీ తలుపుల్లోకి మార్చారు. మా అంతస్తంతా ఇప్పుడు తలుపులే. రాళ్లాయన ఏడుపు ముఖంతో గొళ్లేలు బిగిస్తున్నాడు.

జవాబు రాయనక్కర్లేదు.


జూలై 14

గడుగ్గాయికి,

రాయొద్దన్నా రాస్తున్నాను. సంతకం కూడా పెట్టని ఉత్తరం నాకు ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

మొదట నాకూ ఒళ్లు మండింది. మంత్రులు చదివే పుస్తకంలో ఎక్కిస్తే ఇదా మర్యాద అనుకున్నాను. నువ్వు జూలై ఒకటిన రాసిన ఉత్తరం సభ అయిన మర్నాడు నా చేతికొచ్చింది. అందులో ఇంజనీరు గోల చదివి, కోపమొచ్చి, కింద ఏముందో చదవకుండా సొరుగులో పడేశాను. నిన్న తీసి చివరిదాకా చదివాను. నీ ఆటను నేనే వాడి నోట్లో పెట్టాను. నన్నెన్ని మాటలన్నా పడతాను.

ఇప్పుడు ఏడ్చి లాభం లేదు. నాకు ఒక్కదానికి జవాబు కావాలి. రాయుడు ఆ ఆటను కళ్లతో చూశాడా? ఒక్క బొమ్మయినా, ఒక్క గదైనా? నా పేజీలో ఉన్నది తప్ప ఆయనకు ఇంకేమైనా తెలుసా?

నీ మేనత్త


జూలై 18

అత్తా,

చూడలేదు. నీ పేజీలో ఉన్నంతే తెలుసు. దాని పేరేమిటో కూడా అడగలేదు.

గడుగ్గాయి


జూలై 29

బంగారూ,

ఇక నిశ్చింతగా ఉండు. నీ ఆట లేదు.

పోయిన వారం పెద్దాయన గదికి వెళ్లాను. డెబ్బై రెండో పేజీ తప్పండీ, ఆ ఆట లేదండీ అన్నాను.

"లేకపోవడమేమిటమ్మా? షీల్డు ఇచ్చాంగా" అన్నాడు.

కుటుంబంలో ఎవరో ఏదో అంటే ముసలిదాన్ని సరిగ్గా వినపడక, నిజమనుకుని రాసేశానని చెప్పాను. నా కుడి చెవి ఇన్నేళ్లకు పనికొచ్చింది. ఆయనకు చెమటలు పట్టి రాయుణ్ణి పిలిపించాడు. రాయుడు వచ్చి, ఆట ఉంది, మా అమ్మాయి ఇంకా ఇవ్వలేదంతే అన్నాడు. ఏళ్ల తరబడి దగ్గరుండి చేయించానని మైకులో చెప్పారు కదా, మీ దగ్గర లేకపోవడమేమిటని నేను అడిగాను. పోనీ అందులో తాతయ్య ఏ గదిలో పడుకుంటాడో చెప్పమన్నాను. పెద్ద పడకగదిలో అన్నాడు. ఒట్టి కోతల మనిషి.

పెద్దాయనకు విషయం అర్థమైంది. రాయుడు సభలో అబద్ధం ఆడానని ఒప్పుకుని షీల్డు వదులుకోవాలి, లేదా తప్పంతా నా పేజీ మీదికి నెట్టి, ఆటే లేదని రాసిచ్చి షీల్డు ఉంచుకోవాలి. రాయుడు షీల్డు వైపు మొగ్గాడు. అలాంటి ఆట ఏదీ మా కంపెనీలో లేదు, ఎవరూ తయారుచేయలేదు, దానితో మాకు ఎలాంటి సంబంధమూ లేదు అని కాగితం రాయించి సంతకం పెట్టించాను. నకలు ఇందులో పెడుతున్నాను, జాగ్రత్త. షీల్డు వెనక్కి తీసుకుంటే పరువు పోతుందని, దాన్ని తలుపులకిచ్చినట్టు సవరించారు. సభలో రాయుడు దగ్గరుండి చేయించానన్నది కూడా తలుపుల గురించేనట. అందరూ సంతోషంగా కాఫీ తాగారు.

ఆ ఊపులో తలుపుల మాట కూడా వేళాకోళమేనండీ, అదీ సవరిద్దామన్నాను. పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "తలుపుల మీద విధానమే వచ్చేసిందమ్మా, ఇప్పుడు అబద్ధమంటే ఎలా?" అన్నాడు.

సవరణ అచ్చయింది. "మన సొంత సృష్టి: ఏమీ లేదు. గతంలో పేర్కొన్నది నివేదిక రచయిత్రి పొరపాటు." నాకు నివేదికల పని తీసేసి కింద లైబ్రరీలో వేశారు. అక్కడికి ఎవరూ రారు. కిటికీ బాగుంది. నలభై ఏళ్లు తప్పులు పట్టిన దాన్ని, పెద్ద తప్పు చేసిన మనిషిగా అచ్చులో మిగిలాను. ఏడుపొచ్చింది, దాచను. కానీ మళ్లీ చేయమంటే మళ్లీ చేస్తాను.

ఆ కాగితం పట్టుకెళ్లి టీచరమ్మకు చూపించు.

నీ మేనత్త


ఏప్రిల్ 22

అత్తా,

ఇన్ని నెలలుగా పొడి పొడి ఉత్తరాలు రాశాను, క్షమించు. చేతిలో పని అలాంటిది.

ఆట పూర్తయింది. నేను ఉద్యోగం మానేశాను. కాగితం చూసిన రోజు టీచరమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఆమె తమ్ముడు కంప్యూటర్ మోసుకొచ్చి మళ్లీ వంటింట్లో పెట్టాడు. ఇక్కడ ఏ కంపెనీకి చూపించినా తుపాకులెక్కడ అని అడిగారు. చివరికి ఒక విదేశీ కంపెనీ తీసుకుంది, ఒక్క గది కూడా మార్చకుండా. వచ్చే నెల బయటికొస్తుంది. వాళ్ల ముద్రతో, వాళ్ల దేశపు ఆటగా.

టీచరమ్మ పేరూ, తమ్ముడి పేరూ ఉంటాయి, చివర్లో, చిన్న అక్షరాల్లో. నా పేరు ఉండదు. రాయుడు ఆ కాగితం మీద సంతకం పెట్టాడు కానీ, నా పేరు కనబడితే మళ్లీ ఆశ పుడుతుంది. వాళ్లిద్దరి పనినీ పణంగా పెట్టలేను. నాకు బాధగానే ఉంది. నా పేరు మాత్రం వేయకండి అని నా చేత్తోనే రాసిచ్చాను.

నీ మీద నాకు కోపం లేదు. అది చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

గడుగ్గాయి


జూలై 5

నా తల్లికి,

నిన్న ఈ ఏటి సభ జరిగింది. కుర్చీలు నిండాలని లైబ్రరీ వాళ్లను కూడా పిలిచారు. వెనక వరసలో కూర్చున్నాను. తలుపుల ఎగుమతి పెరిగిందట. సొంత సృష్టి ఈసారి కూడా లేదట.

తర్వాత పెద్దాయన జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తాడు. ఈ మధ్య తన మనవరాలు ఒక విదేశీ ఆట చూపించిందన్నాడు. అద్దె ఇల్లు మారే కుటుంబమట. నా డెబ్బై రెండో పేజీ ఆయనకు గుర్తే రాలేదు. ఆడుతూ ఆడుతూ కళ్లు తుడుచుకున్నానన్నాడు. చెబుతూ మళ్లీ తుడుచుకున్నాడు, అది నటన కాదు. దేశమంతా ఆడుతోందట, మార్కెట్లో దీనిదే మొదటి స్థానమట.

"మన బాధ ఇది. మన ఇళ్లలో జరిగేది ఇది. దాన్ని ఎక్కడివాళ్లో వచ్చి మనకు చెప్పాల్సి వచ్చింది. మనవాళ్లలో ఒక్కరికైనా ఇలాంటి ఊహ ఎందుకు రాదు?" అన్నాడు.

కుర్చీలోంచి సగం లేచాను. వచ్చిందిరా మూర్ఖుడా, నా కోడలికి వచ్చింది అనాలని నోటిదాకా వచ్చింది. ముందు వరసలో రాయుడు కూర్చుని, ఏమీ పోల్చుకోకుండా తల ఊపుతున్నాడు. మళ్లీ కూర్చున్నాను. ఏడాది కిందట నోరు మూసుకోవాల్సిన చోట తెరిచాను. తెరవాలని ప్రాణం కొట్టుకున్న చోట మూసుకున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీ కోసం కొట్టాను. అందరూ ఆపేశాక కూడా, పక్కవాళ్లు తిరిగి చూస్తున్నా, చేతులు మండేదాకా ఒక్కదాన్నే కొడుతూ ఉండిపోయాను. పెద్దాయన నా వైపు చూసి, తన మాటలకే అనుకుని, వంగి నాకు నమస్కారం పెట్టాడు.

నీ మేనత్త